అలవాటు, లక్ష్యం: దైనందిన సాధన మీద ఒక సమీక్ష

ఒకే వేళకు, ఒకే చోట, ఒకే పని వెనకాల మళ్లీ మళ్లీ చేస్తూ పోగా, పెద్దగా ఆలోచించకుండానే జరిగిపోయే పనిని మనస్తత్వ శాస్త్రంలో అలవాటు అంటారు. పోటీ పరీక్ష నెగ్గడం, అప్పు తీర్చడం, షుగరును అదుపులో పెట్టుకోవడం, కచేరీ చేసే స్థాయికి పాట నేర్చుకోవడం వంటి ఏళ్ల తరబడి సాగే లక్ష్యాలకు రోజువారీ అలవాట్లే దారి అన్న మాట ఇప్పుడు బడిలోనూ ఆఫీసు శిక్షణ తరగతుల్లోనూ వినిపిస్తోంది. అది సగం నిజం. ఏ అలవాటు మొదలుపెట్టాలో లక్ష్యం చెబుతుంది. ఒకసారి కుదురుకున్నాక మాత్రం అలవాటుకు లక్ష్యంతో పని ఉండదు, చుట్టూ ఉన్న చోటునీ వేళనీ మనుషులనీ చూసి నడుస్తుంది. గత నాలుగు దశాబ్దాల ప్రయోగాలు ప్రధానంగా తేల్చింది ఇదే. మంచి అలవాట్లు ఎందుకు నిలుస్తాయి, మంచి తీర్మానాలు ఎందుకు నీరుగారిపోతాయి అన్న ప్రశ్నలు రెండింటికీ జవాబు ఇక్కడే దొరుకుతుంది.

పూర్వపు ఆలోచన

మనసును నిలపడానికి అభ్యాసం, వైరాగ్యం అనే రెండు సాధనాలను పతంజలి యోగసూత్రాల మొదటి పాదం 12వ సూత్రం చెబుతుంది. అభ్యాసం గట్టిపడాలంటే దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేయాలని 14వ సూత్రం షరతులు పెడుతుంది. భగవద్గీత ఆరో అధ్యాయం 35వ శ్లోకంలోనూ ఇదే జంట కనిపిస్తుంది. గ్రీకు తాత్వికుడు అరిస్టాటిల్ సద్గుణం పుట్టుకతో రాదని, సద్గుణం ఉన్నవాడు చేసే పనులు చేస్తూ ఉంటేనే వస్తుందని వాదించాడు. సాధన గురించి వేమన చెప్పిన పద్యం తెలుగు పిల్లలకు మూడో నాలుగో తరగతికే నోటికి వచ్చేస్తుంది.

ఆధునిక శాస్త్రంలో ఈ చర్చకు గట్టి పునాది వేసినవాడు అమెరికన్ తత్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్. 1890లో వచ్చిన ఆయన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ’లో నాలుగో అధ్యాయం పూర్తిగా అలవాటు మీదే. కొత్త అలవాటును ఊపుగా మొదలుపెట్టాలని, వేళ్లూనుకునేదాకా ఒక్క మినహాయింపు కూడా ఇవ్వకూడదని, తీర్మానించుకున్న పనికి దొరికిన మొదటి అవకాశాన్నే వాడుకోవాలని ఆయన సలహాలు. వీటి వెనక ప్రయోగాలు లేవు. నాటి నాడీశాస్త్రం, సొంత పరిశీలన మాత్రమే ఉన్నాయి. అయినా వందేళ్లకు పైగా ఈ విషయం మీద వచ్చిన పుస్తకాల్లో సగం ఆ అధ్యాయానికి వ్యాఖ్యానాలే అనిపిస్తుంది.

తెలుగు ఇళ్లలో రోజువారీ నియమం, సుదూర లక్ష్యం ఎంత దగ్గరగా ముడిపడి ఉంటాయో చూడాలంటే రామకోటి పుస్తకం తెరవాలి. సన్నని గళ్లు అచ్చువేసిన పేజీలు. గడికో నామం. స్నానం చేసి, దీపం పెట్టి, కాఫీకి ముందో తర్వాతో ఒక పేజీ రాసి మూస్తారు. రోజుకు వెయ్యి నామాలు రాసేవారికి కోటి పూర్తవడానికి పదివేల రోజులు, అంటే 27 ఏళ్ల నాలుగు నెలల పైచిలుకు పడుతుంది. అరవయ్యేళ్లకు మొదలుపెట్టినవాళ్లకు ఈ లెక్క తెలియక కాదు. రాసేవాళ్లను అడిగితే ఎన్ని లక్షలయ్యాయో ఒక పట్టాన చెప్పరు, ఈ రోజు పేజీ అయిందో లేదో మాత్రం వెంటనే చెబుతారు. పరిశోధకులు తర్వాతి కాలంలో ప్రయోగశాలల్లో చూసినదానికి దగ్గరగా ఉన్న విషయం ఇది: రోజూ పని జరిగేటప్పుడు కోటి అన్న అంకె మనసులో ఉండాల్సిన అవసరం లేదు.

మెదడులో ఏం జరుగుతుంది

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆన్ గ్రేబియల్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో మైలురాయి. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉన్న దారిలో ఎలుకను వదిలి, ఒక శబ్దం వినిపించి, కుడికో ఎడమకో తిరిగితే చాక్లెట్ దొరికేలా ఏర్పాటు చేశారు. మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాలో భాగమైన స్ట్రయాటం నాడీకణాలు మొదట్లో దారి పొడుగునా చురుగ్గా పనిచేశాయి. దారి బాగా అలవాటయ్యాక పరుగు మొదట్లో, చివర్లో మాత్రమే ఎక్కువ స్పందించాయి. మధ్యలో జరిగేదంతా ఒకే మూటగా మారిపోయింది. బండి నడుపుతూ ఇంటికి చేరాక దారిలో ఏ సిగ్నల్ దగ్గర ఆగామో గుర్తుకు రాకపోవడం ఇటువంటిదే.

లక్ష్యానికీ అలవాటుకూ మధ్య తెగిపోయే బంధాన్ని నేరుగా చూపినవి కేంబ్రిడ్జ్‌లో క్రిస్టఫర్ ఆడమ్స్, ఆంథనీ డికిన్సన్ చేసిన ప్రయోగాలు. మీట నొక్కితే తీపి గుళిక వస్తుందని ఎలుకలకు నేర్పారు. తర్వాత ఆ గుళిక తిన్నాక కడుపులో వికారం కలిగేలా చేసి, దాని మీద కోరిక పోగొట్టారు. 1982లో ఆడమ్స్ ప్రచురించిన ఫలితాల ప్రకారం, అంతకు ముందు వంద సార్లు మాత్రమే మీట నొక్కిన ఎలుకలు నొక్కడం బాగా తగ్గించాయి. ఐదు వందల సార్లు నొక్కినవి మాత్రం, ఇక అక్కర్లేని గుళిక కోసం నొక్కుతూనే ఉన్నాయి.

మనుషుల సంగతి ఇంతకంటే గొప్పగా లేదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ నీల్, వెండీ వుడ్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగంలో సినిమాహాలుకు వచ్చినవారిలో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల నాటిది ఇచ్చారు. సినిమాకు వెళ్తే పాప్‌కార్న్ తినే అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు పాతదైనా తాజాదైనా ఇంచుమించు ఒకే మోతాదులో తినేశారు. బాగా లేదని వాళ్లే చెప్పారు, అయినా తిన్నారు. అటువంటి అలవాటే ఉన్న మరికొందరికి సినిమాహాల్లో కాకుండా సమావేశం గదిలో పాటల వీడియోలు చూపిస్తూ పెడితే పాతదాన్ని పక్కన పెట్టారు. ఎడమచేత్తో, అంటే వాటం లేని చేత్తో, తినమన్నప్పుడు కూడా రుచి లెక్కలోకి వచ్చింది. చోటు మారినా, చేయి మారినా చాలు, అలవాటు పట్టు సడలింది.

ఎన్నాళ్లు పడుతుంది

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏ పనైనా అలవాటవుతుందన్న మాట అందరూ విన్నదే. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన ‘సైకో-సైబర్నెటిక్స్’. ఆపరేషన్ తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేకొద్దీ ‘కనీసం’ జారిపోయింది, ముఖం జారిపోయింది, అంకె ఒక్కటే మిగిలింది.

నిజంగా కొలిచి చూసింది లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం. 2010లో అచ్చయిన ఈ అధ్యయనంలో 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకున్నారు. భోజనంతో పాటు ఒక పండు తినడం, ఒక గ్లాసు నీళ్లు తాగడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం లాంటివి. 84 రోజులు రోజూ చేసి, ఆ పని ఎంతవరకు తనంతట తానే జరుగుతోందో నమోదు చేశారు. అలవాటు గట్టిపడే వేగం మొదట్లో ఎక్కువ, పోనుపోను తక్కువ. ఒక దశ తర్వాత గీత సమంగా నిలిచిపోయింది. ఆ దశకు చేరడానికి పట్టే కాలంలో మధ్యస్థం 66 రోజులు. ఇప్పుడు 21 స్థానంలో 66 ఊరేగుతోంది. అయితే ఆ అంకె వెనక ఉన్న వ్యాప్తి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. అధ్యయనం నడిచింది 84 రోజులే కాబట్టి 254 అనేది గీతను ముందుకు పొడిగించి వేసిన అంచనా. పైగా 96 మందిలో ఆ గీత చక్కగా సరిపోయింది 39 మందికే. నీళ్లు తాగడం తొందరగా అలవాటయింది, వ్యాయామం ఆలస్యమయింది.

2023లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆర్థికవేత్త కాలిన్ కామెరర్ తదితరులు ఇంతకంటే చాలా పెద్ద సమాచారాన్ని పరిశీలించారు. జిమ్‌కు వెళ్లే 30 వేలకు పైగా మంది హాజరు రికార్డులు, ఆసుపత్రుల్లో 3 వేలకు పైగా సిబ్బంది చేతులు కడుక్కున్న వివరాలు వాటిలో ఉన్నాయి. జిమ్ అలవాటుకు నెలలు పట్టింది, చేతుల శుభ్రతకు వారాలు సరిపోయాయి. రోజులో పదులసార్లు ఒకే తలుపు దగ్గర జరిగే పనికీ, వారానికి మూడుసార్లు బట్టలు మార్చుకుని బయల్దేరాల్సిన పనికీ ఒకే గడువు వర్తించదు. మన మండల దీక్షల 41 రోజులకూ శాస్త్రీయ నిర్ధారణ ఏదీ లేదు. ఇరవై ఒకటి కంటే ఉదారమైన అంకె అని మాత్రం ఒప్పుకోవచ్చు.

చోటు, వేళ, మనుషులు

అలవాటును పరిసరాలు ఎంతగా నడిపిస్తాయో చూడటానికి ఆంధ్ర, తెలంగాణల్లో ప్రతి కార్తికంలోనూ కనిపించే అయ్యప్ప దీక్ష కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. గురుస్వామి చేత్తో మాల మెడలో పడగానే మనిషి రోజంతా మారిపోతుంది. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, చెప్పులు లేని కాళ్లు, నేల మీద పడక, సన్నిధానంలో భజన. మద్యం, మాంసం, సిగరెట్టు బంద్. ఆఫీసులో పై అధికారి దగ్గర్నుంచి కూరగాయల బండివాడి దాకా అందరూ ‘స్వామీ’ అని పిలుస్తారు. ఆ పిలుపు రోజుకు యాభైసార్లు వినే మనిషికి తాను నియమంలో ఉన్నానని వేరే గుర్తుచేయనక్కర్లేదు. కిళ్లీకొట్టువాడు కూడా అతని చేతికి సిగరెట్టు ఇవ్వడు.

మాల తీసిన సాయంత్రం ఈ సంకేతాలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. పాత బట్టలు, పాత చెప్పులు, పాత స్నేహితులు, పాత పిలుపు. నలభై ఒక్క రోజులు ఒక్క దమ్ము కొట్టని మనిషి అదే కొట్టు ముందు నిలబడటం చాలా ఊళ్లలో చూసేదే. దీన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. ఆ ఎగతాళి అన్యాయం. దీక్ష మొక్కు తీర్చుకోవడానికి పెట్టుకున్నది, వ్యసనం మాన్పించే చికిత్సగా రూపొందినది కాదు. అతను నలభై ఒక్క రోజులు నిలబడ్డాడంటే మనోబలం ఉన్నట్టే. జారిపోయింది ఆ రోజులను చుట్టి ఉన్న ఏర్పాటు.

దీనికి తలకిందులైన ఉదాహరణ వియత్నాం యుద్ధకాలంలో కనిపిస్తుంది. అక్కడి అమెరికన్ సైనికుల్లో సుమారు 20 శాతం మంది హెరాయిన్ వంటి మత్తుమందులకు బానిసలయ్యారు. 1971లో తిరిగివచ్చిన సైనికులను సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకురాలు లీ రాబిన్స్ వెంటాడి పరిశీలించింది. అలా బానిసలైనవారిలో మొదటి ఏడాది మళ్లీ ఆ స్థితికి వచ్చినవారు 5 శాతం, మూడేళ్లలో కొంతకాలమైనా వచ్చినవారు 12 శాతం. ఆ రోజుల్లో ఈ అంకెలను చాలామంది నమ్మలేదు. ఊరు, ఎండ, భయం, తోటివాళ్లు, సరుకు అన్నీ సముద్రం అవతల ఉండిపోవడం ఒక ముఖ్య కారణమని ఇప్పుడు భావిస్తారు.

ఇల్లు మారడం, ఉద్యోగం మారడం, హాస్టల్లో చేరడం వంటి సందర్భాల్లో పాత అలవాట్లు వదులవుతాయి. ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో 800 మందితో బాస్ వెర్‌ప్లాంకెన్, డెబొరా రాయ్ చేసిన అధ్యయనం (2016) పర్యావరణానికి మేలు చేసే అలవాట్లను ప్రోత్సహించింది. ఇల్లు మారి మూడు నెలలు దాటనివారి మీద ఆ ప్రయత్నం బాగా పనిచేసింది. తర్వాత ఆ కిటికీ మూసుకుపోయింది. అమెరికా చేరిన కొత్తలో రోజూ నడకకు వెళ్లే తెలుగు విద్యార్థి కారు కొన్నాక మానేయడంలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది.

మొదలుపెట్టే తీరు

‘రోజూ వ్యాయామం చేస్తాను’ అనుకోవడానికీ, ‘పిల్లను స్కూలు బస్సు ఎక్కించగానే అటునుంచటే పార్కుకు వెళ్తాను’ అనుకోవడానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అనే ఈ రకం నిశ్చయాల మీద జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990ల నుంచి కృషి చేశాడు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 ప్రయోగాలను గుదిగుచ్చి చూస్తే ప్రభావం ఓ మోస్తరు కంటే ఎక్కువగానే తేలింది. ఎక్కువగా ఉదహరించేది 2002లో బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం. వచ్చే వారం ఎప్పుడు, ఎక్కడ వ్యాయామం చేస్తారో రాసుకున్నవారిలో 91 శాతం మంది చేశారు, రాసుకోనివారిలో 38 శాతమే. అంకె కళ్లు చెదిరేలా ఉన్నా అందులో కొలిచింది ఒక వారంలో ఒక్కసారి ఇరవై నిమిషాల వ్యాయామాన్ని. ఏడాది పొడుగునా సాగే పనికి ఇదే అంకెను అన్వయించి చెప్పే ఉపన్యాసకుల మాట నమ్మక్కర్లేదు.

కొత్త పనిని పాత అలవాటుకు ముందు తగిలించాలా, వెనకా? గాబీ జూడా, బెంజమిన్ గార్డ్‌నర్ తదితరులు 2013లో 50 మందితో దీన్ని పరీక్షించారు. పళ్లసందులు దారంతో శుభ్రం చేసుకోవడాన్ని కొందరు పళ్లు తోముకోకముందు, కొందరు తోముకున్నాక చేశారు. తర్వాత చేసినవారిలో అలవాటు మెరుగ్గా నిలిచింది. పూర్తయిన పని తర్వాతి పనికి తలుపు తడుతుంది, రాబోయే పని తట్టదు.

మంచిరోజు చూసుకుని మొదలుపెట్టే మన పద్ధతికి కూడా కొంత ఆధారం ఉంది. వారం, నెల, సంవత్సరం మొదట్లో, పుట్టినరోజుల తర్వాత జిమ్‌కు వచ్చేవారు పెరుగుతారని హెంగ్‌చెన్ డాయ్, కేటీ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపారు. ఉగాదికో విజయదశమికో శ్రీకారం చుట్టడం ఆ కోవలోదే. ఊపు వస్తుంది. అది ఎంతకాలం ఉంటుందన్నది పండుగ చేతిలో లేదు.

తప్పిన రోజు

ఒక్క రోజూ తప్పకూడదన్న విలియం జేమ్స్ మాటను లాలీ అధ్యయనం సమర్థించలేదు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. అమెరికాలో జాన్ నార్‌క్రాస్, డొమినిక్ వాంగరెల్లి 1980ల్లో నూతన సంవత్సర తీర్మానాలు చేసుకున్న 200 మందిని రెండేళ్లు గమనించారు. వారం రోజులు నిలబడినవారు 77 శాతం, రెండేళ్లు నిలబడినవారు 19 శాతం. ఆ నెగ్గినవారిలోనూ సగానికి పైగా మధ్యలో తప్పినవారే, వారు సగటున పద్నాలుగు సార్లు తప్పారు.

అసలు ప్రమాదం తప్పిన తర్వాతి ఆలోచనలో ఉంది. ‘ఎలాగూ పోయిందిగా, ఇక వచ్చే నెల నుంచి చూద్దాం.’ తాగుడు మానినవారిలో ఈ ఆలోచన మొత్తం ప్రయత్నాన్ని ఎలా కూలదోస్తుందో అలన్ మార్లాట్ 1980ల్లో వివరంగా రాశాడు. ఒక్క గ్లాసు తాగినందుకు కలిగే అపరాధ భావమే సీసా ఖాళీ చేయిస్తుంది. ఆహార నియమాల్లోనూ ఇదే తంతు: పెళ్లిలో ఒక బొబ్బట్టు తిన్నాక నాలుగో బొబ్బట్టుకు అడ్డు చెప్పేదేముంది?

2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన మహా అధ్యయనం దీనికి ఊతమిచ్చింది. అమెరికాలో ఒక జిమ్ గొలుసుకు చెందిన 61,293 మంది సభ్యుల మీద 54 రకాల ప్రోత్సాహకాలను ఒకేసారి పరీక్షించారు. 45 శాతం పథకాలు హాజరును 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. అన్నిటికంటే బాగా పనిచేసినది, ఒకసారి రాకుండా తప్పినవారు మళ్లీ వచ్చినప్పుడు కొద్దిపాటి అదనపు పాయింట్లు ఇచ్చే పథకం. ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాలుగు వారాల పథకం ముగిశాక కూడా ప్రభావం మిగిలినవి 8 శాతం మాత్రమే. పాయింట్లు ఆగితే హాజరులో పెరుగుదలా ఆగింది.

మనోబలం మీద వివాదం

మనోబలం వాడేకొద్దీ కరిగే నిల్వ అని రాయ్ బౌమైస్టర్ బృందం 1998లో ప్రతిపాదించింది. కమ్మగా వాసన వచ్చే బిస్కెట్ల ముందు కూర్చోబెట్టి ముల్లంగి మాత్రమే తినమన్నవారు తర్వాత ఇచ్చిన చిక్కు సమస్యను తొందరగా వదిలేశారు. సిద్ధాంతం పుస్తకాలకెక్కింది. 2016లో 23 ప్రయోగశాలలు 2,141 మందితో ఇదే భావనను మరో పద్ధతిలో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అంతకు ముందే విల్‌హెల్మ్ హాఫ్‌మన్ తదితరులు జర్మనీలో 205 మందికి రోజూ పలుసార్లు సంకేతాలు పంపి, ఆ క్షణంలో ఏ కోరికతో పోరాడుతున్నారో అడిగారు. నిగ్రహం ఎక్కువని పేరున్నవారు ఎక్కువగా పోరాడుతున్నట్టు తేలలేదు. వాళ్లకు ఎదురైన ప్రలోభాలే తక్కువ. మిఠాయి డబ్బా అల్మరా పైఅరలోకి ఎక్కించినవాడు ధీరుడు కానక్కర్లేదన్నమాట.

రోజుకో రూపాయి

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు ముందు నిలిచిన ఉద్యమమది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ వేడిలోనే జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ కార్యక్రమం పుట్టింది. ఒక్కో స్త్రీ రోజుకు ఒక రూపాయి దాచాలి. నెలకు ముప్పై. పదిహేను మంది ఉన్న బృందానికి ఏడాదికి 5,475 రూపాయలు. వ్యవసాయ కూలికి వెళ్లే ఇంట్లో ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. బృందం లోపలే అప్పులిచ్చుకుంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కక్కర్లేదు.

ఈ పథకం గురించి రాసేవాళ్లు సాధారణంగా మహిళా సాధికారత వైపు వెళ్లిపోతారు. అలవాటు కోణం నుంచి చూస్తే దాని నిర్మాణం ముచ్చటేస్తుంది. మొత్తం ఎంత చిన్నదంటే లేదని చెప్పడానికి మొహం చెల్లదు. సారాకు పోయే డబ్బు ఆగడంతో చేతిలో ఆడే రూపాయి కొత్తగా పుట్టింది. అది ఉప్పుకో చింతపండుకో మళ్లకముందే డబ్బాలో పడాలి. నెలకోసారి అందరూ కూర్చున్నప్పుడు ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో అందరికీ తెలుస్తుంది, కట్టనివారి ఇంట్లో ఏం జరిగిందో కూడా తెలుస్తుంది. ఆడపిల్ల పెళ్లి, గేదె కొనుగోలు, ఇంటి కప్పు అన్న దూరపు లక్ష్యాలు ఎవరివి వారివి. రూపాయి మాత్రం అందరిదీ ఒకటే. తర్వాతి కాలంలో డ్వాక్రా సంఘాలు, బ్యాంకు రుణాలు వచ్చాక అప్పు పెద్దదయింది. పొదుపు ఆ అప్పుకు అర్హతగా మారిపోయి వెనక్కి తగ్గింది. నాకు మొదటి రూపమే ఎక్కువ ఆసక్తికరం.

సాధకం: అలవాటు హద్దు

కర్ణాటక సంగీతంలో పాఠక్రమాన్ని ఏర్పరచిన ఘనత సంప్రదాయం పురందరదాసుకు (1484–1564) ఇస్తుంది. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు; ఒక్కోటీ మూడు కాలాల్లో. తెల్లవారుజామున శ్రుతి పెట్టుకుని అకార సాధకం చేయమని గురువులు ఇప్పటికీ చెబుతారు. శ్రుతి ముందు కూర్చోవడం అలవాటు కావాలి, అందులో సందేహం లేదు. కూర్చున్నాక పాడేది అలవాటు ప్రకారం సాగిపోతే మాత్రం చిక్కే. గాంధారం కాస్త తగ్గి పలికే గొంతు రోజూ గంటసేపు సాధకం చేస్తే ఆ తగ్గిన గాంధారమే గట్టిపడుతుంది. గురువు మూడో వరసలోనే ఆపి, రెండో కాలం వద్దు, మొదటి కాలంలోనే మళ్లీ పాడమనేది అందుకే.

ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం 1993లో బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులను పరిశీలించి ఇదే తేడాను పట్టుకుంది. పద్దెనిమిదేళ్ల వయసుకు అత్యుత్తములు ఒంటరిగా సుమారు 7,410 గంటలు సాధన చేశారు, మంచివారు 5,301 గంటలు, సంగీతోపాధ్యాయులు కాబోయేవారు 3,420 గంటలు. పదివేల గంటల సూత్రంగా లోకంలో తిరిగేది ఈ అధ్యయనానికి అరిగిపోయిన రూపం. ఎరిక్‌సన్ నొక్కి చెప్పింది గంటల సంఖ్యను కాదు. చేతకాని చోటనే ఆగి, దిద్దుబాటు అందుకుంటూ చేసే సాధనను. అది అలవాటుగా మారితే ఎదుగుదల ఆగిపోతుంది.

కూర్చోవడం అలవాటుకు, కూర్చున్నాక చేసేది శ్రద్ధకు అనే ఈ పని విభజనను రచనలో నిర్మొహమాటంగా చెప్పుకున్నవాడు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథనీ ట్రలోప్. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున అయిదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాశాడు. తనను లేపి కాఫీ ఇచ్చే ముసలి సేవకుడికి అందుకోసం ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. 47 నవలలు వచ్చాయి. ఆయన పోయాక 1883లో వెలువడిన ఆత్మకథలో ఈ లెక్కలు చదివి సాహితీప్రియులు ముక్కు విరిచారు. మన వైపు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చేదాకా మజిలీ మజిలీకీ చూసినవి రాసి పెట్టాడు. బోయీలు, వానలు, నదులు, జబ్బులు. రాత మాత్రం ఆగలేదు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆ దినచర్య ఫలితం. బసకు చేరడమే ఆయనకు కలం తీసే సంకేతం అయి ఉండాలి.

పుస్తకాలు, యాప్‌లు, విమర్శ

చార్లెస్ డుహిగ్ (2012), జేమ్స్ క్లియర్ (2018) రాసిన పుస్తకాలు ఈ పరిశోధనను లక్షలాది ఇళ్లకు చేర్చాయి. వాటిలో మంచి సలహాలున్నాయి. రోజుకు ఒక్క శాతం మెరుగైతే ఏడాదికి ముప్పై ఏడు రెట్లు అవుతామన్న చక్రవడ్డీ లెక్క మాత్రం గణితంగా సరైనదే తప్ప మనిషికి సంబంధించినది కాదు. చక్రవడ్డీ బ్యాంకు ఖాతాలో జరుగుతుంది, మోకాలి కీలులో జరగదు.

వరస తెగకుండా రోజులు లెక్కపెట్టే భాషా, వ్యాయామ యాప్‌లు అలవాటుకు బలమైన సంకేతాన్ని ఇస్తాయి. రాత్రి పదకొండూ యాభైకి, నిద్రకళ్లతో, బాగా వచ్చిన పాఠాన్నే మళ్లీ నొక్కి ‘వరస’ కాపాడుకునే మనిషిని చూస్తే ఆడమ్స్ ఎలుకలు గుర్తుకొస్తాయి. భాష రావడం లేదు, మీట నొక్కడం ఆగడం లేదు.

అలవాటు సాహిత్యానికి అందరికంటే గట్టి అభ్యంతరం ఇంటి పని వైపు నుంచి రావాలి. తెల్లవారుజామున అయిదింటికి లేచి ఆ గంటను తనకోసం వాడుకోమని చెప్పే పుస్తకాలు, ఆ గంటకు ఇంట్లో ఇంకెవరో లేచి ఉన్నారన్న సంగతి ఎత్తవు. కేంద్ర గణాంక శాఖ 2019 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించేవారు. కుళాయి వచ్చే వేళ, పాలవాడి వేళ, క్యారియర్ కట్టే వేళ, స్కూలు ఆటో వేళ అన్నీ ఇతరుల చేతిలో ఉన్న మనిషికి ‘ఒకే వేళ, ఒకే చోటు’ అన్న మొదటి షరతే కుదరదు. షుగరు వచ్చిన గృహిణిని పొద్దున్నే నలభై నిమిషాలు నడవమని డాక్టరు రాసిచ్చాక, ఆ నడక నిలబడుతుందో లేదో ఆమె పట్టుదలకంటే ఆ నలభై నిమిషాలూ ఇంట్లో ఇడ్లీ కుక్కర్ పొయ్యి మీద ఎవరు పెడతారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.